దూరస్థ పుటచిత్రాల ప్రదర్శన: ప్రవాహపద్ధతి, అసంపూర్ణ ప్రతి సమస్య

వ్యాససంగ్రహం

దూరప్రాంత భాండాగారంలోని పుటచిత్రాన్ని ఒక పరిశోధనా వెబ్ అనువర్తనం తన పాఠకుడికి చూపే రెండు మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మొత్తం తెచ్చుకొని ఆ తరువాత చూపడం ఒకటి. వస్తున్నది వస్తున్నట్లే పాఠకుడి వైపు పారించడం మరొకటి. రెండవదైన ప్రవాహపద్ధతి మెమరీనీ కాలాన్నీ ఆదా చేస్తుందన్నది తెలిసిన సంగతే. అయితే ఆ పద్ధతిలో ‘ఇంతవరకు వచ్చినది’ కాస్తా ‘మొత్తం వచ్చినది’గా చలామణి అయ్యే ప్రమాదం ఉంది. పాఠపరిష్కరణకు అది తెచ్చే చిక్కు, దాని కారణాలు, నివారణోపాయాలు ఇక్కడ ప్రధానంగా చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ప్రవాహం, పుటచిత్రం, మధ్యసర్వర్, బఫర్, గ్రంథపాతం, డిజిటల్ భాండాగారం, పాఠపరిష్కరణ

1. ఉపోద్ఘాతం

తాళపత్రం కొస విరిగి ఉంటే పరిష్కర్త కంటికి ఆ విరిగిన అంచు కనిపిస్తుంది. పురుగు తిన్నచోట రంధ్రం ఉంటుంది. తడిసినచోట మరక ఉంటుంది. అక్కడ గ్రంథపాతం ఉన్నదని గుర్తు పెట్టుకొని, లోపించిన భాగాన్ని ప్రత్యంతరంలో వెతుకుతాడు. పుటచిత్రం తెర మీద సగమే వచ్చి ఆగిపోయినప్పుడు అటువంటి అంచు ఏదీ ఉండకపోవచ్చు. బ్రౌజర్ సాధారణంగా రాని భాగాన్ని పారదర్శకంగా వదిలేస్తుంది. వెనుక ఉన్న వెబ్ పుట తెల్లగా ఉంటే, గ్రంథంలోని పుట అడుగుభాగం ఖాళీ కాగితంలా కనిపిస్తుంది. ఆశ్వాసం ముగిసినచోట సగం పుట ఖాళీగా వదలడం పాత ముద్రణలలో మామూలే కనుక చూసేవారికి అనుమానం కూడా రాదు.

తెలుగు పరిశోధకులు నేడు అలభ్య ముద్రణలను ఎక్కువగా చూస్తున్నది చిత్రరూపంలోనే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు పెద్దసంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ఒక విశ్వవిద్యాలయ తెలుగుశాఖ ఇటువంటి పుటలను ఆధారంగా చేసుకొని, ఎడమవైపు పుటచిత్రం, కుడివైపు పాఠాంతరాలు చూపే వెబ్ అనువర్తనాన్ని నిర్మించుకుంటున్నదని ఊహించవచ్చు. పాఠం శాఖ సర్వర్‌లో ఉంటుంది. చిత్రం మాత్రం మరో ఖండంలోని భాండాగారంలో ఉంటుంది. ఈ రెండింటిని ఒకే తెర మీదికి తెచ్చే పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పరిశోధన విశ్వసనీయత అంతా ఆ పని జరిగే తీరు మీదనే ఆధారపడి ఉంటుంది.

2. మధ్యసర్వర్ ఎందుకు?

చిత్రం ఉన్న చిరునామాను వెబ్ పుటలోని ఇమేజ్ ట్యాగులో నేరుగా రాస్తే బ్రౌజరే వెళ్లి దాన్ని తెచ్చుకుంటుంది. కేవలం చూడటానికి ఇంతకంటే సులభమైన మార్గం లేదు. చూడటమే లక్ష్యమైతే మరో మార్గం వెతకనవసరం లేదు కూడా. అయితే పరిశోధకుడికి చూడటంతో తీరదు. వెలిసిపోయిన సిరాను స్పష్టం చేయడానికి వెలుగునీడల తేడాను పెంచాలి. ఒక పంక్తిని మాత్రం కత్తిరించి ఉదాహరించాలి. అక్షరగుర్తింపు సాధనానికి ఆ చిత్రాన్ని అందించాలి. ఇవన్నీ చిత్రంలోని ఒక్కొక్క పిక్సెల్‌ను ప్రోగ్రాము చదవగలిగితేనే సాధ్యం. మరో వెబ్‌సైటు నుండి వచ్చిన చిత్రాన్ని తెర మీద చూపడానికి బ్రౌజర్ అభ్యంతరం చెప్పదు గానీ, ఆ సైటు స్పష్టంగా అనుమతిస్తే తప్ప దాని పిక్సెళ్లను చదవనివ్వదు. ఆ అనుమతి లేనిచోట అనువర్తనం తన సొంత సర్వర్‌ను నడుమ నిలుపుతుంది. ఆ సర్వర్ భాండాగారం నుండి చిత్రాన్ని తెచ్చి, తన చిత్రంగా బ్రౌజర్‌కు అందిస్తుంది. ఈ వ్యాసంలో దాన్ని మధ్యసర్వర్ అని వ్యవహరించడం జరిగింది.

3. నింపి పంపడం, పారించడం

300 డీపీఐతో స్కాన్ చేసిన ఎ4 పరిమాణపు పుటలో 2480 × 3508 పిక్సెళ్లు ఉంటాయి. అంటే సుమారు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున విప్పి చూస్తే ఆ ఒక్క పుట 26 మెగాబైట్లకు పైగా ఉంటుంది. జేపెగ్ సంపీడనం వల్ల అది ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఉదాహరణ కోసం దాన్ని 5 మెగాబైట్లుగా తీసుకోవచ్చు.

మధ్యసర్వర్ ఈ చిత్రాన్ని మొదట పూర్తిగా తన మెమరీలోకి దింపుకొని, ఆపైన పాఠకుడికి పంపితే అది నింపి పంపడం. 60 మంది విద్యార్థులున్న తరగతిలో అందరూ ఒకేసారి పుట తెరిస్తే 300 మెగాబైట్లు కావాలి. కొందరు ప్రోగ్రామర్లు మరొక అడుగు ముందుకు వేసి, డాట్‌నెట్‌లోని ఇమేజ్ వస్తువుగా ఆ చిత్రాన్ని విప్పి, తిరిగి సంపీడించి పంపుతారు. చిత్రం మారదు, పరిమాణం మారదు, కానీ 60 పుటలకు సుమారు 1,566 మెగాబైట్లు ఖర్చవుతాయి. పైగా జేపెగ్‌ను విప్పి మళ్లీ జేపెగ్‌గా నిల్వ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత తరిగిపోతుంది. లేఖకుడి నుండి లేఖకుడికి పాఠం చెడిపోయినట్లే ఇదీ. ఈ మార్గంలో వెళ్లినవారికి ఎదురయ్యే మరో చిక్కు ప్రసిద్ధమే: ప్రవాహం నుండి ఇమేజ్‌ను నిర్మించాక, ఆ ఇమేజ్ వాడుకలో ఉన్నంతకాలం ప్రవాహాన్ని మూయరాదు. పని అయిపోయిందనుకొని మూసేస్తే, చిత్రాన్ని తిరిగి భద్రపరిచే సమయంలో కారణం అంతుబట్టని దోషసందేశం వస్తుంది. చూపడానికి మాత్రమే అయితే సర్వర్ చిత్రాన్ని విప్పవలసిన అవసరమే లేదు. దానికి అవి కేవలం బైట్లు.

పారించడంలో మధ్యసర్వర్ ఒక చిన్న పాత్రను మాత్రమే పెట్టుకుంటుంది. ఈ పాత్రకే బఫర్ అని పేరు. భాండాగారం నుండి వచ్చిన బైట్లను అందులోకి తీసుకోవడం, పాఠకుడి వైపు ఒంపడం, మళ్లీ తీసుకోవడం. చిత్రం అయ్యేదాకా ఇదే. ఒక పఠితకు 81,920 బైట్ల బఫర్ పెట్టుకుంటే 60 మందికి 5 మెగాబైట్ల లోపే సరిపోతుంది. ఒక ప్రోగ్రాము నుండి మరొక దానికి సమాచారాన్ని గొట్టంలో నీళ్లలా పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. డగ్లస్ మెకిల్‌రాయ్ 1964 నాటికే దీన్ని ప్రతిపాదించారు. 1973లో యూనిక్స్‌లో అది ‘పైప్’ పేరుతో అమలులోకి వచ్చింది.

కాలం విషయంలోనూ తేడా ఉంది. భాండాగారం నుండి మధ్యసర్వర్‌కు సెకనుకు 4 మెగాబిట్లు, అక్కడి నుండి పాఠకుడికి 2 మెగాబిట్లు వేగం ఉంటే, 5 మెగాబైట్ల పుట మొదటి దారిలో 10 సెకన్లు, రెండవ దారిలో 20 సెకన్లు తీసుకుంటుంది. నింపి పంపితే ఇవి ఒకదాని తరువాత ఒకటి జరిగి 30 సెకన్లు పడుతుంది. మొదటి 10 సెకన్లు పాఠకుడి తెర శూన్యంగా ఉంటుంది. పారిస్తే రెండూ ఏకకాలంలో జరిగి 20 సెకన్లకు కొంచెం అటూ ఇటూగా ముగుస్తుంది. పుట పైభాగం దాదాపు వెంటనే కనబడటం మొదలవుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పవలసి ఉంది. ప్రవాహమనే పేరు ప్రోగ్రాములో కనిపించినంత మాత్రాన పారించడం జరుగుతున్నట్లు కాదు. డాట్‌నెట్‌లోని హెచ్‌టీటీపీ క్లయింట్ సాధారణ అభ్యర్థనలో ప్రత్యుత్తరం మొత్తాన్ని ముందుగా మెమరీలో నింపుకొని, ఆ తరువాత దాన్ని ప్రవాహరూపంలో అందిస్తుంది. హెడర్లు రాగానే చేతికివ్వమని విడిగా కోరితేనే నిజమైన ప్రవాహం దొరుకుతుంది. అలా కోరినప్పుడు కాలపరిమితి హెడర్లు వచ్చేవరకే వర్తిస్తుంది. ఆ తరువాత ప్రవాహం మధ్యలో స్తంభించిపోతే అడిగేవారుండరు. ఇన్ని సెకన్ల పాటు ఒక్క బైటూ రాకపోతే ఆపివేయాలన్న నియమాన్ని అనువర్తనమే పెట్టుకోవాలి.

4. తూము, కాలువ

మధ్యసర్వర్‌కు నీరు వచ్చే వేగం, పోయే వేగం ఒకటి కావు. పై ఉదాహరణలో వచ్చేది పోయేదానికి రెట్టింపు. ఎక్కువైన నీరు ఎక్కడికి పోవాలి? చెరువు కింది కాలువ నిండినప్పుడు తూము దించుతారు. అంతర్జాల రవాణాకు ఆధారమైన టీసీపీ నియమావళిలో ఇటువంటి ఏర్పాటు మొదటి నుండీ ఉంది. స్వీకర్త తనవద్ద ఇంకా ఎంత చోటు మిగిలి ఉన్నదో పంపేవారికి తెలుపుతూ ఉంటాడు. చోటు లేకపోతే పంపేవారు ఆగుతారు. మధ్యసర్వర్ చేయవలసిందల్లా, పాఠకుడి వైపు ఒంపడం పూర్తయ్యేవరకు భాండాగారం నుండి కొత్తగా చదవకుండా ఉండటమే. ఆ ఒత్తిడి వెనక్కి పాకి మూలం దగ్గర తూమును దించుతుంది. వెనక ఒత్తిడి అని దీన్ని పిలవవచ్చు. ఒంపడం పూర్తయిందో లేదో చూడకుండా చదువుతూ పోయే ప్రోగ్రాము పేరుకు ప్రవాహమే అయినా, మిగులు బైట్లన్నీ మెమరీలో పేరుకొని చివరకు నింపి పంపడంగానే పరిణమిస్తుంది.

5. తెగిన ప్రవాహం

ప్రవాహపద్ధతిలో పాఠకుడు చిత్రాన్ని చూడటం మొదలుపెట్టేసరికి ఆ చిత్రం మధ్యసర్వర్ వద్ద ఇంకా పూర్తిగా లేదు. పద్ధతి వల్ల వచ్చే లాభానికీ, చిక్కుకీ మూలం ఇదే.

వెబ్ సంభాషణలో సర్వర్ ముందుగా స్థితిసంఖ్యను పంపుతుంది: 200 అంటే సరే, 404 అంటే లేదు, 502 అంటే పైనుండి అందలేదు. మధ్యసర్వర్ భాండాగారం నుండి తొలి బైట్లు రాగానే పాఠకుడికి 200 పంపేస్తుంది. రెండు మెగాబైట్లు వెళ్లాక భాండాగారంతో సంబంధం తెగిపోతే, పంపిన 200ను వెనక్కి తీసుకొని 502గా మార్చే వీలు లేదు. నింపి పంపే పద్ధతిలో ఈ సమస్య ఉండదు. పాఠకుడికి ఒక్క బైటు కూడా వెళ్లకముందే మూలంలోని దోషం బయటపడుతుంది. ప్రవాహపద్ధతిని పొగిడే పాఠ్యపుస్తకాలు ఈ తేడాను తగినంతగా చెప్పవు.

మరి పాఠకుడి బ్రౌజర్‌కు చిత్రం అసంపూర్ణమని తెలిసే దారి ఏది? రెండు దారులున్నాయి. ఒకటి, మొత్తం ఎన్ని బైట్లో ముందే హెడర్‌లో ప్రకటించడం. అన్ని రాకపోతే తక్కువైనట్లు తెలుస్తుంది. రెండవది, హెచ్‌టీటీపీ 1.1లోని ముక్కల పద్ధతి. ఇందులో మొత్తం ఎంతో ముందుగా చెప్పరు. ప్రతి ముక్కకూ దాని పొడవు ముందుంచుతారు. సున్నా పొడవు గల ముక్క వస్తే సమాప్తి. ఆ సున్నా ఒక విధంగా గ్రంథాంతంలోని గద్య లాంటిది. అది కనిపించకపోతే ప్రతి అసంపూర్ణం.

సరిగ్గా ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ప్రవాహం తెగినప్పుడు పుట్టే దోషాన్ని ప్రోగ్రాము పట్టుకొని, చిట్టాలో ఒక వాక్యం రాసి, ప్రత్యుత్తరాన్ని మర్యాదగా ముగిస్తుంది. మర్యాదగా ముగించడమంటే సున్నా ముక్కను పంపడమే. అంటే చివరి పత్రాలు పోయిన ప్రతికి లేఖకుడు తానే సమాప్తి గద్య రాసి కట్టేసినట్లయింది. బ్రౌజర్ దృష్టిలో ఆ చిత్రం సంపూర్ణం; దాన్ని నిల్వ కూడా చేసుకుంటుంది. మరునాడు అదే పుట తెరిస్తే ఆ సగం చిత్రమే మళ్లీ వస్తుంది. రెండుసార్లు చూసి ధ్రువీకరించుకున్నానని పరిశోధకుడు భావించినా, నిజానికి అతడు చూసింది ఒకే లోపభూయిష్టమైన ప్రతిని రెండుసార్లు.

దోషం ఎదురైనప్పుడు మధ్యసర్వర్ ప్రత్యుత్తరాన్ని ముగించకూడదు, తెంచాలి. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో ఇందుకు అబార్ట్ అనే ఆజ్ఞ ఉంది. నోడ్ జేఎస్‌లో పాత పైప్ పద్ధతి మూలంలోని దోషాన్ని గమ్యానికి చేరవేయదు. పైప్‌లైన్ అనే పద్ధతి ఒక కొసన దోషం వస్తే రెండు కొసలనూ రద్దు చేస్తుంది. భాండాగారం ప్రకటించిన బైట్ల సంఖ్యను మధ్యసర్వర్ మార్చకుండా పాఠకుడికి అందిస్తే మరీ మంచిది. అమర్యాదగా తెగిన సంబంధమే ఇక్కడ పాఠకుడికి నిజం చెబుతుంది.

పుటలను మూకుమ్మడిగా దింపుకొనే చిన్న ప్రోగ్రాములు రాసేవారికి మరొక విషయం ఉపయోగపడుతుంది. పైథాన్‌లో విరివిగా వాడే రిక్వెస్ట్స్ సాధనానికి యూఆర్‌ఎల్‌లిబ్3 ఆధారం. 2023లో వెలువడిన దాని 2.0 సంచికకు ముందు, ప్రకటించిన దానికంటే తక్కువ బైట్లు వచ్చినా అది దోషమేదీ చూపకుండా ఊరుకునేది. పాత అమరికతో దింపుకొన్న పుటల సంచయాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

6. చిత్రంలోపలి సాక్ష్యం

రవాణా సంగతి తెలియకపోయినా, చేతిలో ఉన్న ఫైలు సంపూర్ణమా కాదా అన్నది కొంతవరకు ఆ ఫైలే చెబుతుంది. జేపెగ్ ఫైలు 255, 216 అనే రెండు బైట్లతో మొదలై 255, 217 అనే రెండు బైట్లతో ముగుస్తుంది. సమాప్తి గుర్తు చివరన లేకపోతే ఫైలు తెగి ఉండవచ్చు. కేవలం ఎక్కడో ఒకచోట ఆ జంట కనబడితే చాలదు. ఫైలు లోపల ఇమిడి ఉన్న సూక్ష్మచిత్రం తన సొంత సమాప్తి గుర్తుతో ఉండవచ్చు. పీఎన్‌జీ ఈ విషయంలో మరింత పటిష్ఠం: దానిలో ప్రతి ఖండానికీ తనిఖీసంఖ్య ఉంటుంది, చివరి ఖండం పేరే సమాప్తిని సూచిస్తుంది.

తెగిన జేపెగ్ కనిపించే తీరు దాని అమరికను బట్టి మారుతుంది. సాధారణ అమరికలో చిత్రం పైనుండి కిందికి వరుసగా నిల్వ ఉంటుంది. కనుక తెగితే కింది పంక్తులు పోతాయి. క్రమవికాస అమరికలో చిత్రం మొత్తం మొదట మసకగా, ఆపైన విడతలవారీగా స్పష్టమవుతూ వస్తుంది. తొలి విడతలో సాధారణంగా 8 × 8 పిక్సెళ్ల గడికి ఒక సగటు విలువ మాత్రమే అందుతుంది. 48 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరానికి అప్పుడు 6 పిక్సెళ్లపాటి వివరమే మిగులుతుంది. ఈ దశలో తెగిన చిత్రంలో పుటలోని పంక్తులన్నీ ఉంటాయి, లెక్క సరిపోతుంది. తొలి విడతలోనే తెగితే మసక స్పష్టంగా తెలిసిపోతుంది; చివరి విడతలకు ముందు తెగిన చిత్రమే ఎక్కువ ప్రమాదకరం. అక్షరం చదవడానికి వీలుగానే ఉంటుంది గానీ అంచులు మెత్తబడి ఉంటాయి. అరసున్న ఉన్నదో కాగితం మీది మచ్చో, ‘ద’కారం కింద ఒత్తుగీత ఉన్నదో లేదో, ‘ప’యా ‘ఫ’యా అన్న నిర్ణయాలు ఆ అంచుల మీదే నిలుస్తాయి. అరసున్నల వాడుకను బట్టి ముద్రణల పౌర్వాపర్యాన్ని చర్చించే పరిశోధకుడు ఇటువంటి చిత్రాన్ని ఆధారం చేసుకుంటే, అది ముద్రాపకుడి లోపమో తంతి లోపమో తేల్చడం ఎవరి తరమూ కాదు.

7. నిల్వ, కట్టుబాట్లు

ఒకసారి తెచ్చిన పుటను మధ్యసర్వర్ తన వద్ద నిల్వ ఉంచుకుంటే భాండాగారం మీద భారం తగ్గుతుంది. పాఠకుడికి పారిస్తూనే డిస్కు మీద కూడా రాసుకోవచ్చు. అయితే ఆ ఫైలుకు అసలు పేరు పెట్టి రాయడం మొదలుపెడితే, మధ్యలో తెగిన సగం ఫైలే నిల్వలో శాశ్వతంగా స్థిరపడుతుంది. తాత్కాలిక నామంతో రాసి, బైట్ల సంఖ్యనూ సమాప్తి గుర్తునూ సరిచూసి, ఆ తరువాతే అసలు పేరుకు మార్చాలి. పాయ పాయలుగా చీల్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది: బ్రౌజర్లలోని ప్రవాహాలను రెండుగా చీల్చే టీ పద్ధతి వేగంగా చదివే పాయ వెంట నడుస్తుంది, నెమ్మది పాయకు అందవలసినదంతా మెమరీలో పేరుకుంటుంది. వెనక ఒత్తిడి అక్కడ పనిచేయదు.

ఏ చిరునామా ఇచ్చినా వెళ్లి చిత్రాన్ని తెచ్చే మధ్యసర్వర్ దొంగచేతికి తాళాలిచ్చినట్లే. బయటివారికి అందని విశ్వవిద్యాలయ అంతర్గత యంత్రాల చిరునామాలు ఇచ్చి, వాటి సమాచారాన్ని ఆ సర్వర్ ద్వారానే రప్పించవచ్చు. అనుమతించిన భాండాగారాల జాబితాకే దాన్ని పరిమితం చేయాలి. దారి మళ్లింపులు వచ్చినప్పుడు కొత్త చిరునామాను కూడా ఆ జాబితాతో సరిచూడాలి. బైట్లు పారుతుండగానే లెక్కిస్తూ, ఒక హద్దు దాటితే తెంచివేయాలి.

8. కావలసినంతే అడగడం

పుట మొత్తాన్ని పారించడం కంటే, పుటలో కావలసిన భాగాన్నే అడగడం చాలాసార్లు ఉత్తమం. ట్రిపుల్ ఐ ఎఫ్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఇందుకే ఏర్పడింది. దాన్ని పాటించే భాండాగారం వద్ద చిత్రపు చిరునామాలోనే కావలసిన ప్రాంతం, పరిమాణం, తిప్పవలసిన కోణం, వర్ణనాణ్యత వరుసగా రాస్తే సరిపోతుంది. ఆ ముక్కను మాత్రమే సర్వర్ తయారుచేసి ఇస్తుంది. పొడవుగా, సన్నగా ఉండే తాళపత్రాలకు ఇది బాగా నప్పుతుంది. పత్రంలో వివాదాస్పదమైన ఒక్క పంక్తిని పూర్తి స్పష్టతతో తెప్పించుకోవచ్చు, మిగిలిన పత్రం చిన్న పరిమాణంలో ఉన్నా నష్టం లేదు.

అయితే ఇలా అప్పటికప్పుడు తయారయ్యే చిత్రాలకు స్థిరమైన వేలిముద్ర ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన వద్ద నిల్వ ఉన్న మూలఫైళ్లకు ఎండీ5, షా1 తనిఖీసంఖ్యలను ప్రకటిస్తుంది. మొత్తం ఫైలును దింపుకొన్నవారు వాటితో పోల్చి చూసుకోగలరు. అక్కడి పుస్తకదర్శిని చూపే జేపెగ్ పుట మాత్రం చాలా పుస్తకాల విషయంలో జేపెగ్ 2000 మూలం నుండి అప్పటికప్పుడు పుట్టినది. భాండాగారం రేపు సంపీడన సాధనాన్ని మార్చితే అదే పుట వేరే బైట్లతో వస్తుంది. వేలిముద్ర కలవకపోయినంత మాత్రాన పాఠం మారినట్లు కాదు. కనుక పాఠాంతర సూచికలో పుటచిత్రాన్ని ప్రమాణంగా చూపేటప్పుడు చిరునామాతో పాటు మూలఫైలు పేరు, అందులో పుట వరుససంఖ్య, చూసిన చిత్రం వెడల్పు ఎత్తులు, చూసిన తేదీ కూడా నమోదు చేయవలసి ఉంటుంది. వివాదం వచ్చిన పంక్తిని జేపెగ్ 2000 మూలంలోనే సరిచూడాలి.